కత్తీ లేదు, ఖజానా లేదు: జాన్ మార్షల్ కోర్టును నిలబెట్టిన తీరు

అందరికీ నమస్కారం. అమెరికా సుప్రీంకోర్టు కేసు మార్బరీ వర్సెస్ మాడిసన్, 1803, న్యాయ సమీక్షకు, అంటే రాజ్యాంగానికి విరుద్ధమైన చట్టాన్ని కోర్టు కొట్టేసే అధికారానికి, పునాది. లా కాలేజీలో ఈ ముక్క మనందరం చదువుకున్నదే. పరీక్షకు అది సరిపోతుంది. కానీ చేతిలో ఒక్క పోలీసు లేని, సొంతంగా ఒక్క డాలరు ఖర్చుపెట్టే అధికారం లేని న్యాయస్థానం అటు దేశాధ్యక్షుణ్ణీ ఇటు చట్టసభనూ ఎదుర్కొని ఎలా బతికి బట్టకట్టింది? దేన్ని వదులుకుంది, దేన్ని దక్కించుకుంది? ఆ ఒక్క లైనులో దీనికి జవాబు దొరకదు. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. అమెరికా సుప్రీంకోర్టు నాలుగో ప్రధాన న్యాయమూర్తి జాన్ మార్షల్ అమలు చేయించలేని ఉత్తర్వు జోలికి పోకుండా, అధికారం తనదేనన్న సూత్రాన్ని మాత్రం తీర్పులో రాసిపెట్టుకుంటూ వచ్చారు. ముప్ఫై నాలుగేళ్లు అదే పద్ధతి. అది దెబ్బతిన్న చోటు కూడా ఒకటుంది, దాని దగ్గరికీ వస్తాను.

ఆయన వచ్చేనాటికి కోర్టు పరిస్థితి చూడండి. 1790 ఫిబ్రవరిలో న్యూయార్క్‌లో మొదటిసారి కొలువు తీరినప్పుడు విచారించడానికి కేసే లేదు. జడ్జీలుగా ఉండటానికి మనుషులు ఇష్టపడేవారు కాదు. జాన్ రట్లెడ్జ్ 1791లో రాజీనామా చేసి సౌత్ కరోలినా రాష్ట్ర కోర్టుకు వెళ్లిపోయారు. మొదటి ప్రధాన న్యాయమూర్తి జాన్ జే 1795లో న్యూయార్క్ గవర్నర్ పదవి కోసం వదిలేశారు. 1796లో విలియం కుషింగ్ ప్రధాన న్యాయమూర్తి పదవి వద్దన్నారు. జడ్జీలు ఏడాదిలో చాలా భాగం గుర్రాల మీదా బండ్ల మీదా ఊరూరూ తిరిగి సర్క్యూట్ కోర్టులు నడపాలి, అదో నరకం. 1793లో చిషోమ్ వర్సెస్ జార్జియా కేసులో ఒక రాష్ట్రంపై వేరే రాష్ట్ర పౌరుడు దావా వేయొచ్చని తీర్పిస్తే, రెండేళ్లు తిరిగేసరికి రాజ్యాంగానికి పదకొండో సవరణ తెచ్చి దాన్ని తిప్పికొట్టారు. 1800లో రాజధాని వాషింగ్టన్‌కు మారితే అక్కడ కోర్టుకంటూ ఒక భవనం లేదు. చట్టసభ కొలువుండే కాపిటల్ భవనంలో ఒక కమిటీ గది ఇచ్చి కూర్చోమన్నారు.

ఈ కాలంలో జరిగిన మంచి పని ఒకటుంది. 1793లో విదేశీ వ్యవహారాల మీద న్యాయ సలహా ఇవ్వమని అధ్యక్షుడు జార్జ్ వాషింగ్టన్ ప్రభుత్వం అడిగితే, మేం కేసులు తేల్చేవాళ్లం, సలహాదారులం కాదని జే, ఆయన తోటి జడ్జీలు తిరస్కరించారు. స్వతంత్రతకు తొలి ఇటుక అది. మన రాజ్యాంగం 143వ అధికరణ కింద రాష్ట్రపతికి సలహా అడిగే హక్కు ఇచ్చింది కాబట్టి మన దగ్గర దారి వేరు.

1800 చివర్లో ప్రధాన న్యాయమూర్తి ఎల్స్‌వర్త్ రాజీనామా చేశారు. ఎన్నికల్లో ఓడిపోయి దిగిపోతున్న అధ్యక్షుడు జాన్ ఆడమ్స్ మళ్లీ జేనే నియమించారు. సెనేట్ ఒప్పుకుంది కూడా. జే మాత్రం ఈ కోర్టుకు శక్తి లేదు, బరువు లేదు, గౌరవం లేదన్న అర్థంలో ఉత్తరం రాసి వద్దన్నారు. అప్పుడు ఆడమ్స్ తన విదేశాంగ మంత్రి మార్షల్‌ను ఎంచుకున్నారు. 1801 జనవరి 20న నామినేషన్, 27న సెనేట్ ఆమోదం, ఫిబ్రవరి 4న ప్రమాణం. వయసు నలభై ఐదు. కాలేజీలో న్యాయశాస్త్రం చదివింది కొద్ది నెలలే. మార్చి 4న గద్దెనెక్కబోతున్న కొత్త అధ్యక్షుడు థామస్ జెఫర్సన్ ఆయనకు దూరపు బంధువు. ఇద్దరికీ ఒకరంటే ఒకరికి పడదు.

మార్షల్ మొదట చేసిన మార్పుకు చట్టం అవసరం రాలేదు, ఎవరి అనుమతీ అక్కర్లేకపోయింది. అంతకుముందు ఇంగ్లండు పద్ధతిలో ఒక్కో జడ్జి తన తీర్పు తాను చదివేవారు. నలుగురు ఒకే ఫలితానికి వచ్చినా కారణాలు నాలుగు రకాలు. కింది కోర్టు దేన్ని పాటించాలి? ప్రభుత్వం దేనికి తల వంచాలి? ఓడినవాడు నాలుగింటిలో బలహీనమైనదాన్ని పట్టుకుని మొత్తం తీర్పును తప్పుపట్టొచ్చు. ఎల్స్‌వర్త్ కాలంలో ఉమ్మడి తీర్పులు అక్కడక్కడా వచ్చినా, దాన్ని ఆనవాయితీ చేసింది మార్షల్. 1801 ఆగస్టులో టాల్బట్ వర్సెస్ సీమన్ అనే నౌక కేసుతో మొదలుపెట్టారు. కోర్టు అభిప్రాయం ఇదీ అని ఒకే పత్రం, ఒకే కంఠం.

ఇది ఊరికే కుదిరింది కాదు. కోర్టు సమావేశాలప్పుడు జడ్జీలంతా వాషింగ్టన్‌లో ఒకే బోర్డింగ్ హౌసులో బస చేసేలా చూశారు. పగలు వాదనలు విని, రాత్రి ఒకే బల్ల దగ్గర భోంచేస్తూ కేసులు మాట్లాడుకునేవారు. భేదాలుంటే అక్కడే తేల్చుకునేవారు. తన వాదన ఒప్పించలేకపోతే మార్షల్ చాలాసార్లు మెజారిటీ మాటకే సంతకం పెట్టారు. రాజ్యాంగ కేసుల్లో ఆయన విడిగా అసమ్మతి రాసింది ఒక్కటే, 1827లో ఆగ్డెన్ వర్సెస్ సాండర్స్. పదవిలో ఉన్నంతకాలం ఐదు వందలకు పైగా తీర్పులు స్వయంగా రాశారు.

జెఫర్సన్‌కు ఇది అస్సలు నచ్చలేదు. తాను నియమించిన జస్టిస్ విలియం జాన్సన్‌కు ఉత్తరాలు రాసి, ఎవరి తీర్పు వాళ్లు రాయాలని గట్టిగా చెప్పారు. ఆయన అభ్యంతరంలో న్యాయం లేకపోలేదు. ఒకే తీర్పు వెనక ఏ జడ్జి ఏమనుకున్నాడో ప్రజలకు తెలియదు, జవాబుదారీతనం తగ్గుతుంది. అయినా ఆనాటి కోర్టుకున్న బలహీనతకు మందు అదేనని నా నమ్మకం. మన దగ్గర 1973 కేశవానంద భారతి కేసు చూడండి. పదముగ్గురు జడ్జీలు, పదకొండు తీర్పులు, 7-6 ఫలితం. మెజారిటీ ఏమన్నదో తేల్చడానికి చివర్లో విడిగా ఒక సారాంశ పత్రం తయారు చేయాల్సి వచ్చింది, దాని మీద సంతకాలు పెట్టింది తొమ్మిదిమందే. పార్లమెంటు సవరణతో కూడా చెరపలేని రాజ్యాంగ మౌలిక స్వరూపం అంటే ఏమిటన్న వాదన ఇప్పటికీ తెగకపోవడానికి అది ఒక కారణం.

ఇక మార్బరీ. దీని వివరాలు నెమ్మదిగా చూద్దాం. కిటుకంతా వాటిలోనే ఉంది.

దిగిపోయే ముందు ఆడమ్స్ పార్టీ 1801 ఫిబ్రవరి 13న కొత్త న్యాయ చట్టం చేసి పదహారు సర్క్యూట్ జడ్జి పోస్టులు సృష్టించింది. మరో చట్టం కింద రాజధాని జిల్లాకు నలభై ఇద్దరు జస్టిస్ ఆఫ్ ది పీస్‌లను, అంటే చిన్న తగాదాలు తీర్చే అధికారులను నియమించారు. మార్చి 3న సెనేట్ ఆమోదించింది, ఆడమ్స్ సంతకం చేశారు. నియామక పత్రాలకు ముద్ర వేయాల్సింది విదేశాంగ మంత్రి. ఆయన ఎవరు? అప్పటికే ప్రధాన న్యాయమూర్తిగా ప్రమాణం చేసి, పాత పదవినీ వదలని మార్షలే. పత్రాలు పంచడానికి వెళ్లిన ఆయన తమ్ముడు జేమ్స్ అన్నీ మోయలేక కొన్నిటిని ఆఫీసులోనే తిరిగి పెట్టేశారు. మర్నాడు జెఫర్సన్ వచ్చారు, పత్రాలు కనిపించాయి, ఇవ్వొద్దన్నారు.

అలా పత్రం అందని విలియం మార్బరీ, మరో ముగ్గురు 1801 డిసెంబరులో నేరుగా సుప్రీంకోర్టుకు వెళ్లి కొత్త విదేశాంగ మంత్రి మాడిసన్ మీద మాండమస్, అంటే చట్టం చెప్పిన పని చేయమని అధికారిని ఆదేశించే ఉత్తర్వు, కోరారు. ఎందుకు ఇవ్వరో కారణం చూపమని కోర్టు నోటీసిచ్చింది. దానికి కాంగ్రెస్, అంటే అమెరికా చట్టసభ, ఇచ్చిన జవాబు ఘాటైనది. 1802 మార్చిలో ఆ పదహారు జడ్జి పోస్టులు రద్దు చేసింది. ఏప్రిల్‌లో మరో చట్టంతో సుప్రీంకోర్టు జూన్ సమావేశాన్నే ఎత్తేసింది. పద్నాలుగు నెలలు కోర్టు తలుపులు తెరుచుకోలేదు. 1803 ఫిబ్రవరిలో విచారణకు వస్తే మాడిసన్ రాలేదు, వకీలును పంపలేదు. నియామకాల రికార్డు నకలు అడిగితే సెనేట్ ఇవ్వలేదు. ఆఫీసు గుమాస్తాలు నోరు విప్పడానికి ఇష్టపడలేదు. అటార్నీ జనరల్ లెవీ లింకన్ ప్రశ్నలు రాసిమ్మన్నారు, పత్రాలు ఏమయ్యాయో మాత్రం చెప్పలేదు.

మార్షల్ ముందు రెండు దారులు. పత్రం ఇమ్మని ఉత్తర్వు వేస్తే జెఫర్సన్ చెత్తబుట్టలో వేస్తారు, కోర్టు ఏమీ చేయలేదని లోకానికి తెలిసిపోతుంది. కేసు కొట్టేస్తే భయపడి కొట్టేశారంటారు. రెండింటిలోనూ ఓటమే.

మామూలుగా ఏ కోర్టైనా ముందు తన విచారణ పరిధి చూసుకుంటుంది. పరిధి లేదంటే అక్కడితో ఆపేస్తుంది. మార్షల్ ప్రశ్నల వరస తిరగేశారు. మొదటిది, పత్రం పొందే హక్కు మార్బరీకి ఉందా? ఉంది. అధ్యక్షుడి సంతకం, ముద్ర పడ్డాక నియామకం పూర్తయినట్టే, చేతికివ్వడం లాంఛనమే. రెండోది, హక్కుకు భంగం కలిగితే చట్టంలో పరిహారం ఉందా? ఉంది. మంత్రి విచక్షణతో చేసే రాజకీయ పనుల్లో కోర్టు వేలు పెట్టదు, కానీ చట్టం ఫలానా పని చేయమని శాసించిన చోట మంత్రి కూడా చట్టానికి లోబడినవాడే. మూడోది, ఈ కోర్టు మాండమస్ ఇవ్వగలదా? ఇక్కడ ఆగిపోయారు. 1789 న్యాయ చట్టం 13వ సెక్షన్ ఇవ్వొచ్చంటోంది. రాజ్యాంగం మూడో అధికరణ మాత్రం రాయబారులు, దౌత్య ప్రతినిధులు, రాష్ట్రాలు కక్షిదారులైన కేసులే నేరుగా సుప్రీంకోర్టుకు రావాలంటోంది. మామూలు చట్టంతో ఆ పరిధిని పెంచడానికి వీల్లేదు. రాజ్యాంగానికి విరుద్ధమైన చట్టం చెల్లదు, ఏది చట్టమో చెప్పడం న్యాయశాఖ బాధ్యత. కాబట్టి 13వ సెక్షన్‌లోని ఆ భాగం చెల్లదు, మార్బరీకి ఉత్తర్వు లేదు.

ఫిబ్రవరి 24న తీర్పు. జస్టిస్ చేజ్ ఆరోగ్యం బాగోలేక కోర్టును ఆయన బస చేసిన స్టెల్స్ హోటల్‌కే మార్చారు. కేసు గెలిచింది జెఫర్సన్ పక్షం. ధిక్కరించడానికి ఆయన చేతిలో ఉత్తర్వే లేదు. పోయింది కోర్టుకు కాంగ్రెస్ ఇచ్చిన ఒక చిన్న అధికారం. దక్కింది కాంగ్రెస్ చట్టాన్ని కొట్టేసే అధికారం.

దీంట్లో లోపాలు లేవా? ఉన్నాయి, దాచకూడదు. పత్రం చేరకపోవడానికి కారణమైన మంత్రి తానే అయినప్పుడు ఆ కేసు వినకుండా తప్పుకోవాల్సింది. 13వ సెక్షన్‌ను వేరేగా చదవొచ్చు, మాండమస్ మాట అప్పీళ్లకే వర్తిస్తుందని అర్థం చెప్పుకుంటే రాజ్యాంగంతో గొడవే రాదు. పరిధి లేదన్న కోర్టు మంత్రి తప్పు చేశాడని చెప్పడం అనవసర ప్రసంగమని జెఫర్సన్ ఏళ్ల తరబడి అన్నారు, అది తీసిపారేయదగ్గ మాట కాదు. న్యాయ సమీక్షను మార్షలే కనిపెట్టారనడం కూడా తప్పే. 1788లోనే అమెరికా రాజ్యాంగ నిర్మాతల్లో ఒకరైన హామిల్టన్ ఈ వాదన రాశారు. న్యాయశాఖకు కత్తి మీదా ఖజానా మీదా అధికారం లేదన్న మాట ఆయనదే. మార్షల్ ఆ వాదనను తీర్పుగా మార్చారు. ఇంకో కాంగ్రెస్ చట్టాన్ని సుప్రీంకోర్టు కొట్టేసింది 1857లో, డ్రెడ్ స్కాట్ కేసులో.

ఈ తీర్పు వచ్చిన ఆరు రోజులకు, మార్చి 2న, ఇంకో తీర్పు వచ్చింది. స్టువర్ట్ వర్సెస్ లెయిర్డ్. దీని పేరు ఎవరూ తలవరు. జీవితకాలం పదవి ఇచ్చిన పదహారు మంది జడ్జీలను కాంగ్రెస్ పోస్టు రద్దు చేసి ఇంటికి పంపింది కదా. సుప్రీంకోర్టు జడ్జీలను మళ్లీ సర్క్యూట్లు తిరగమంది. దాన్ని ప్రశ్నించిన కేసు ఇది. అంతకు ఏడాది ముందు మార్షల్ తోటి జడ్జీలకు ఉత్తరాలు రాసి, ఈ చట్టాన్ని పాటించాలా వద్దా అని అడిగారు. చేజ్ ఎదిరిద్దామన్నారు. ఎక్కువమంది వద్దన్నారు. అందరూ సర్క్యూట్లకు వెళ్లారు. 1803లో జస్టిస్ ప్యాటర్సన్ చిన్న తీర్పుతో కాంగ్రెస్ పనిని సమర్థించారు. కింది కోర్టులో తానే విన్న కేసు కాబట్టి మార్షల్ ఇందులో కూర్చోలేదు. సూత్రం ప్రకారం చూస్తే ఆ పదహారు మందికి అన్యాయం జరిగిందనే నేను అనుకుంటాను. కానీ ఆ రోజు ఎదురుతిరిగి ఉంటే కోర్టు మిగిలేదా? మార్బరీని విడిగా చదివితే మార్షల్ వీరుడిలా కనిపిస్తారు. స్టువర్ట్‌తో కలిపి చదివితే ఎంత ఇరుకులో నడిచారో తెలుస్తుంది.

జెఫర్సన్ పార్టీ ఇక అభిశంసన ఆయుధం తీసింది. అంటే ప్రతినిధుల సభ ఆరోపణలు మోపుతుంది, సెనేట్ విచారించి తొలగించాలో లేదో తేలుస్తుంది. మొదట న్యూహాంప్‌షైర్ జిల్లా జడ్జి జాన్ పికరింగ్. తాగుడు, మతిస్థిమితం లేకపోవడం. 1804 మార్చి 12న సెనేట్ తొలగించింది. సరిగ్గా అదే రోజు ప్రతినిధుల సభ సుప్రీంకోర్టు జడ్జి శామ్యూల్ చేజ్‌ను అభిశంసించింది. చేజ్ నోటి దురుసు మనిషి. బాల్టిమోర్‌లో గ్రాండ్ జ్యూరీ, అంటే నేరాభియోగం మోపాలా వద్దా అని తేల్చే పౌరుల బృందం, ముందు కూర్చుని ప్రభుత్వాన్ని రాజకీయంగా తిట్టిపోశారు. ఆ తర్వాత గురి మార్షల్ మీదేనని అందరికీ తెలుసు.

ఆ ఒత్తిడిలో మార్షల్ చేజ్‌కు ఒక ఉత్తరం రాశారు. నచ్చని తీర్పులిచ్చిన జడ్జిని తొలగించే బదులు, ఆ తీర్పులను తిరగరాసే అధికారం చట్టసభకే ఉండటం మేలని అందులో ఉంది. ఒక్కసారి ఆలోచించండి. మార్బరీ రాసిన చెయ్యే రెండేళ్లు తిరక్కుండా ఇది రాసింది. సాక్షిగా సెనేట్ ముందుకు వచ్చినప్పుడు కూడా జంకుతూ జవాబిచ్చారు.

కోర్టును కాపాడింది అంకెలు. సెనేట్‌లో ముప్ఫై నలుగురు, తొలగించడానికి మూడింట రెండొంతులు, అంటే ఇరవై మూడు ఓట్లు కావాలి. జెఫర్సన్ పార్టీకి ఇరవై ఐదుగురు ఉన్నారు. 1805 మార్చి 1న ఎనిమిది ఆరోపణల మీద ఓటింగ్ జరిగితే అన్నిటికంటే ఎక్కువ వచ్చింది 19-15. సొంత పార్టీ వాళ్లే కొందరు, దురుసు మాట నేరం కాదని వెనక్కు తగ్గారు. ఆ తర్వాత అమెరికాలో ఏ సుప్రీంకోర్టు జడ్జినీ ప్రతినిధుల సభ అభిశంసించలేదు. జడ్జీలు కూడా పాఠం నేర్చుకున్నారు, జ్యూరీల ముందు రాజకీయ ఉపన్యాసాలు ఆగాయి. మన రాజ్యాంగంలో 124(4) ఇంకా గట్టి గడప పెట్టింది. రెండు సభల్లోనూ మొత్తం సభ్యుల్లో సగానికి పైగా, హాజరై ఓటు వేసినవాళ్లలో మూడింట రెండొంతులు ఒప్పుకోవాలి. తొలగింపు తీర్మానం మీద తప్ప జడ్జి నడవడిక గురించి పార్లమెంటులో చర్చించకూడదని 121 చెబుతోంది.

1807లో రిచ్‌మండ్ సర్క్యూట్ కోర్టులో మాజీ ఉపాధ్యక్షుడు ఆరన్ బర్ దేశద్రోహ విచారణ. కాగితాలు తెమ్మని అధ్యక్షుడికే సమన్లు పంపారు మార్షల్. జెఫర్సన్ తాను రాలేదు గానీ కాగితాలు పంపారు. ఒకే బహిరంగ చర్యకు ఇద్దరు సాక్షులు ఉండాలన్న రాజ్యాంగ నియమాన్ని అక్షరాలా పట్టుకోవడంతో బర్ బయటపడ్డారు.

1811 నాటికి కోర్టులోని ఏడుగురిలో ఐదుగురు జెఫర్సన్, ఆయన తర్వాత అధ్యక్షుడైన మాడిసన్ నియమించినవాళ్లే. కోర్టు దారి మారాలి కదా? మారలేదు. మాడిసన్ వేసిన జోసెఫ్ స్టోరీయే మార్షల్‌కు కుడిభుజమయ్యారు. బోర్డింగ్ హౌసు భోజనాల బల్ల చేసిన పని అది.

1821 కోహెన్స్ వర్సెస్ వర్జీనియాలో పాత పద్ధతి మళ్లీ కనిపిస్తుంది. నార్ఫోక్‌లో రాజధాని లాటరీ టికెట్లు అమ్మిన ఇద్దరు అన్నదమ్ములకు వంద డాలర్ల జరిమానా. మా రాష్ట్రం క్రిమినల్ తీర్పు మీద మీకు అప్పీలు అధికారమే లేదని వర్జీనియా వాదన. అధికారం ఉందని మార్షల్ విస్తారంగా రాసి, చివర్లో జరిమానా మాత్రం సరైనదేనని వర్జీనియానే గెలిపించారు. ధిక్కరించడానికి రాష్ట్రానికి ఏమీ మిగల్లేదు.

ఈ పద్ధతి దెబ్బతిన్న చోటు 1832, వూస్టర్ వర్సెస్ జార్జియా. చెరోకీలు అనే ఆదివాసీ తెగ నేలలో రాష్ట్రం అనుమతి లేకుండా ఉన్నందుకు శామ్యూల్ వూస్టర్, ఎలైజర్ బట్లర్ అనే మిషనరీలకు నాలుగేళ్ల కఠిన శిక్ష వేశారు. చెరోకీ నేల మీద జార్జియా చట్టం చెల్లదని మార్షల్ తీర్పిచ్చారు. ఈసారి ఓడిన పక్షం చేయాల్సిన పని ఉంది, వాళ్లను వదలాలి. జార్జియా అసలు కోర్టుకే రాలేదు, తీర్పునూ పట్టించుకోలేదు. అధ్యక్షుడు జాక్సన్ కదల్లేదు. మార్షల్ తీర్పిచ్చాడు, ఆయన్నే అమలు చేసుకోమనండి అని జాక్సన్ అన్నట్టు పుస్తకాల్లో ఉంటుంది, అన్నారనడానికి నమ్మదగ్గ ఆధారం లేదు. మిషనరీలు 1833 జనవరిలో క్షమాభిక్షతో బయటకొచ్చారు. 1838లో చెరోకీలను సైన్యంతో తరిమేశారు. తీర్పు సరైనదే, అది ఇవ్వాల్సిందే. కానీ ప్రభుత్వం చెయ్యి కలపకపోతే కోర్టు మాట కాగితం దాటదని అక్కడ తేలింది. ఇంకో మాట కూడా చెప్పాలి. బానిసలను సొంతంగా ఉంచుకున్న మనిషి మార్షల్. 1825లో యాంటిలోప్ కేసులో బానిస వ్యాపారం అంతర్జాతీయ న్యాయానికి విరుద్ధం కాదని రాసిందీ ఆయనే.

మనకు దగ్గరగా ఈ పద్ధతి వాడింది రాజమండ్రిలో పుట్టి, ఆంధ్ర హైకోర్టుకు తొలి ప్రధాన న్యాయమూర్తిగా పనిచేసిన కోకా సుబ్బారావు గారు. 1967 ఫిబ్రవరి 27న గోలక్‌నాథ్ కేసులో 6-5తో, ప్రాథమిక హక్కులను హరించే సవరణ పార్లమెంటు చేయలేదన్నారు. అయితే ఆ సూత్రం ఇకముందు సవరణలకే వర్తిస్తుందని, అప్పటిదాకా చేసిన భూసంస్కరణల సవరణలను కదపలేదు. గోలక్‌నాథ్ కుటుంబం ఓడిపోయింది, సూత్రం నిలిచింది. 1971లో 24వ సవరణతో పార్లమెంటు దాన్ని తిప్పికొడితే, 1973లో కేశవానంద తీర్పు ఆ సవరణను ఒప్పుకుంటూనే మౌలిక స్వరూపం జోలికి రావొద్దంది. ఆ మెజారిటీలో మన హైదరాబాదు హైకోర్టు నుంచి వెళ్లిన జస్టిస్ పి. జగన్మోహన్ రెడ్డి గారు ఉన్నారు. తేడా ఒకటుంది. గోలక్‌నాథ్ తీర్పు వచ్చిన కొద్ది వారాలకే సుబ్బారావు గారు రాజీనామా చేసి రాష్ట్రపతి పదవికి ప్రతిపక్షాల తరఫున నిలబడ్డారు. ఆయన చిత్తశుద్ధిని శంకించను గానీ, ఈ విషయంలో 1835 జులై 6న చనిపోయేదాకా ఆ కుర్చీ వదలని మార్షల్ దారే మేలని నా అభిప్రాయం.

విద్యార్థులకు ఒక పని చెబుతాను. మార్బరీ తీర్పును సంకలనాల్లోని ముక్కగా కాకుండా పూర్తిగా చదవండి. మూడు ప్రశ్నలకు ఎన్నెన్ని పేజీలు కేటాయించారో లెక్కపెట్టండి, న్యాయ సమీక్ష భాగం ఎంత చిన్నదో తెలుస్తుంది. వెంటనే స్టువర్ట్ చదవండి, తర్వాత కోహెన్స్. ఆ పైన మన 13, 32 అధికరణలు పక్కన పెట్టుకోండి. మార్బరీకి దొరకని మాండమస్‌ను 32వ అధికరణ ప్రాథమిక హక్కుల కోసం నేరుగా సుప్రీంకోర్టు చేతికిచ్చింది. ఆ తేడా మీద మీకు ఏమనిపిస్తుందో వినాలని ఉంది. ఇప్పుడు మీ ప్రశ్నలు అడగండి.